సాల్‌గిరా: ఏడాదికో ముడి



పోయిన నెల ఒక సాయంత్రం స్కూలు గేటు దగ్గర మా చిన్నోడి కోసం నిలబడ్డాను. వాడికి ఎనిమిదేళ్లు. రోజూ గేటు లోపల్నుంచే "అబ్బా!" అని కేకేసి, బ్యాగు ఎగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చే పిల్లాడు. ఆ రోజు నెమ్మదిగా నడిచొచ్చాడు. చుట్టూ ఒకసారి చూశాడు. మాట్లాడకుండా బండెక్కాడు. వీధి మలుపు తిరిగాక నా వీపుకి ఆనుకుని అన్నాడు: "రేపట్నుంచి గేటు దగ్గర నిన్ను నాన్నా అని పిలుస్తా. ఇంట్లో అబ్బా అంటా. సరేనా?"

ఎందుకురా అంటే "ఊరికే" అన్నాడు.

రాత్రి వాళ్ల అమ్మీ చెప్పింది, టిఫిన్ డబ్బాలో ఖీమా పెట్టొద్దని వారం నుంచి అంటున్నాడట. వాణ్ణి ఎవరూ కొట్టలేదు. ఎవరూ తిట్టలేదు. ఎవడో పిల్లాడు ఏదో అన్నాడు, నలుగురు నవ్వారు. అంతే. ఆ నవ్వులోంచి మావాడు ఏం అర్థం చేసుకోవాలో అది అర్థం చేసుకున్నాడు. దానికో ఉపాయం కూడా వాడే కనిపెట్టుకున్నాడు.

నిజం చెప్పాలంటే నాకు రెండు రకాలుగానూ అనిపించింది. మాషా అల్లాహ్, పిల్లాడికి అఖల్ వచ్చింది, తన్ను తాను కాచుకుంటున్నాడు అనిపించింది. ఆ వెంటనే, ఈ అఖల్ ఇంత తొందరగా ఎందుకొచ్చింది యా అల్లాహ్ అని గుండె పట్టేసింది. పిల్లలు పెరగాలని దువా చేసేదీ మనమే. పెరిగారని దిగులు పడేదీ మనమే. ఈ దిగులు మనతోనే మొదలైందా, మన బుజుర్గులకూ ఉండేదా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. నాకు మా దాదీ రేకు డబ్బా గుర్తొచ్చింది.

ఆ డబ్బాలో దారాలు ఉండేవి. ఒక్కో బిడ్డకి ఒక్కో దారం. ఏటా బిడ్డ పుట్టిన రోజున దాదీ ఆ దారానికి ఒక ముడి వేసేది. మనం ఉర్దూలో పుట్టినరోజుని సాల్‌గిరా అంటాం కదా. సాల్ అంటే ఏడాది, గిరహ్ అంటే ముడి. మాటలోనే రివాజ్ ఉంది. మొగల్ మహళ్లలో ఉన్న ఆచారమే దక్కన్ ఇళ్లలోనూ ఉండేది. హైదరాబాద్‌లో నిజాం సాల్‌గిరా అంటే ఊరంతా జష్న్. మా దాదీ ఇంట్లో మాత్రం ఒక ముడి, కాస్త ఖీర్, ఒక దువా.

ఈ రివాజుల సంగతి రాసిపెట్టినవాడు ఒకాయన ఉన్నాడు. ఆయన ఢిల్లీవాడో లక్నోవాడో కాదు, మన ఏలూరులో పుట్టినవాడు. పేరు జాఫర్ షరీఫ్. లాలా మియా అని ఇంకో పేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో సర్జన్‌గా పనిచేసిన హెర్క్‌లాట్స్ ఆయనతో రాయించి, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. పుస్తకం పేరు ఖానూనె ఇస్లాం. దాన్నే విలియం క్రుక్ అనే ఆయన కొత్తగా సర్ది 1921లో ఆక్స్‌ఫర్డ్ నుంచి మళ్లీ తెచ్చాడు. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఖబర్ దాకా దక్కన్ ముసల్మానుల ఇళ్లలో ఏమేం జరిగేదో అందులో ఉంటుంది.

అందులో పిల్లల భాగం చదువుతుంటే ముచ్చటేస్తుంది. ఆరో రోజు ఛట్టీ, తర్వాత అఖీఖా, నలభయ్యో రోజు చిల్లా, బిడ్డని ఉయ్యాల్లో వేసే వేడుక. ఇవి మనకీ తెలిసినవే. ఆ తర్వాతవి చూడండి. నెలల బిడ్డ రెండు చేతులూ కలిపి లడ్డూ చుడుతున్నట్టు ఆడిస్తే, అదిగో లడ్డూ బాంధ్నా వచ్చిందని నిజం లడ్డూలు చేసి చుట్టాలకి పంచేవాళ్లు. మొదటి పన్ను కనబడితే ఘుంగ్నీ, అంటే మన గుగ్గిళ్లు. పాకడం మొదలుపెడితే మరమరాల ఉండలు. తర్వాత చెవులు కుట్టడం, సాల్‌గిరా, బిస్మిల్లా, ఖత్నా, ఖుర్ఆన్ పూర్తయితే హదియా, చివరికి బాలిగ్ అవడం. పిల్లల ఎదుగుదలలో ఏ మెట్టూ ఇంటివాళ్లు చూడకుండా దాటిపోయేది కాదు. ప్రతి మెట్టు దగ్గరా నలుగురు కూర్చుని ఏదో ఒకటి తిని, దువా చేసి లేచేవాళ్లు.

ఇవన్నీ సరదా కోసమే అనుకునేవాణ్ణి. దాదీ డబ్బాలో ఒక దారం ఆ మాట తప్పని చెప్పింది. దానికి మూడే ముడులు. అది మా అబ్బా కంటే పెద్దాయనది, నేను చూడని మా బడే అబ్బాది. మూడేళ్లకే జ్వరంతో పోయాడట. దాదీ ఆ దారం పారేయలేదు. చిన్నప్పుడు నేను దాంతో ఆడబోతే చేతిలోంచి మెల్లిగా తీసుకుంది, కోప్పడలేదు. వైద్యం అందక ఎంతోమంది పసిబిడ్డలు పోయే రోజుల్లో ముడి అంటే వయసు లెక్క కాదు, షుక్ర్. ఈ ఏడు కూడా బిడ్డ మన దగ్గరే ఉన్నాడు అని. మనం పిల్లలు పెద్దవాళ్లవుతున్నారని బెంగపడతాం. దాదీ వాళ్లు పెద్దవాళ్లవుతారో లేదో అని బెంగపడ్డారు.

ఈ మెట్లలో అన్నిటికంటే పెద్దది బిస్మిల్లా ఖానీ. మన పొరుగిళ్లలో అక్షరాభ్యాసం ఎలాగో మనకి ఇది అలాగ. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకి చేయాలని రివాజ్. బిడ్డకి కొత్త బట్టలు, మెళ్లో పూలు. ఉస్తాద్ బిస్మిల్లా అనిపించి, ఇఖ్రా సూరాలో మొదటి ఆయతులు పలికిస్తాడు. ఆ రోజు దాకా అమ్మీ ఒడిలో ఉన్న బిడ్డ ఆ రోజు నుంచి మక్తబ్ పిల్లాడు.

ఈ వేడుక గురించి ఒక సంగతి ఉంది. 1547లో కాబూల్‌లో హుమాయూన్ తన కొడుకు అక్బర్‌కి మక్తబ్ మొదలుపెట్టించాడు. ఆ తండ్రికి ఆ కొడుకంటే ఎంత తపనో ఊహించండి. 1543లో రాజ్యం పోగొట్టుకుని ఇరాన్ వైపు పారిపోతూ, ఏడాది దాటీ దాటని పసివాణ్ణి కందహార్ దగ్గర వదిలేసి వెళ్లాల్సి వచ్చింది. మళ్లీ కాబూల్ చేజిక్కించుకుని కొడుకుని చూసుకున్నది 1545లో. తర్వాత తల్లి హమీదా బానూ వచ్చినప్పుడు, చాలామంది ఆడవాళ్ల మధ్య ఆమెను కూర్చోబెడితే పిల్లాడు సూటిగా వెళ్లి అమ్మ ఒళ్లో వాలాడని అబుల్ ఫజల్ రాస్తాడు.

అలాంటి కొడుక్కి చదువు మొదలుపెట్టే ఘడియని హుమాయూన్ జ్యోతిష్కుల్ని పిలిచి లెక్క కట్టించాడు. ముల్లా సిద్ధంగా ఉన్నాడు. ఘడియ వచ్చింది. పిల్లాడు లేడు! ఆటకి వెళ్లిపోయాడు. ఎంత వెతికినా దొరకలేదు, ముహూర్తం దాటిపోయింది. అబుల్ ఫజల్ దీన్ని కూడా అక్బర్ గొప్పతనంగానే చెప్పుకొచ్చాడనుకోండి. నాకైతే అందులో ఒక మామూలు తండ్రి కనిపిస్తాడు. బిడ్డ పెద్దవాడు కావాలని ఘడియలు లెక్కపెడుతున్న తండ్రి, నాకింకా ఆట ఉందని దాక్కున్న బిడ్డ. పెట్టిన మొదటి ముల్లాకి పావురాల పిచ్చి ఉందని తర్వాత మార్చారు. శిష్యుడికి ఆ పిచ్చి జీవితాంతం పోలేదు.

పాపం, ఆట ఎంతో కాలం సాగలేదు. 1556 జనవరిలో ఢిల్లీలో మెట్ల మీంచి జారిపడి హుమాయూన్ చనిపోయాడు. ఫిబ్రవరి 14న పంజాబ్‌లోని కలానౌర్‌లో అక్బర్‌ని తఖ్త్ మీద కూర్చోబెట్టారు. అప్పటికి పదమూడేళ్లు.

మన హైదరాబాద్‌లో ఇంకా చిన్నవాడు. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా పోతే మహబూబ్ అలీ ఖాన్ నిజాం అయ్యాడు. అప్పటికి రెండున్నరేళ్లు. సాలార్ జంగ్, షమ్సుల్ ఉమరా రాజ్యం చూసుకున్నారు. లడ్డూలు చుట్టే ఆట ఇంకా మరిచిపోని చేతులతో దర్బార్‌లో సలాములు అందుకున్నాడు ఆ పిల్లాడు.

అదే 1869లో ఢిల్లీవాడైన డిప్టీ నజీర్ అహ్మద్ పుస్తకం మిరాతుల్ ఉరూస్ అచ్చయింది. ఆయన తర్వాత కొన్నేళ్లు ఇదే హైదరాబాద్ కొలువులో పనిచేశాడు. ఉర్దూలో మొదటి నవల అని చాలామంది చెప్పే ఆ పుస్తకాన్ని ఆయన తన కూతురి చదువు కోసం రాయడం మొదలుపెట్టాడు. ఆడపిల్లలకి ఇచ్చి చదివించదగ్గ పుస్తకం లేదని తానే కొద్దికొద్దిగా రాసిచ్చేవాడు. ప్రేమగల తండ్రే. పుస్తకం నిండా ఉన్నది మాత్రం అత్తారింట్లో ఎలా నెగ్గుకురావాలి, ఇల్లు ఎలా దిద్దుకోవాలి అన్న సంగతులు. ఆ కాలపు ఆడపిల్లకి బచ్‌పన్ అయిపోగానే ఎదురుచూస్తున్నది పెళ్లి. తండ్రి చేయగలిగింది ఆ గడప దాటే ముందు కాస్త తెలివి చేతిలో పెట్టడం. అందుకే పాత రోజులు బంగారం, పిల్లలు అప్పుడే పిల్లల్లా ఉండేవారు అనే మాట నేను ఒప్పుకోను. పిల్లల మాసూమియత్‌ని లోకం ఎప్పుడూ త్వరగానే అడిగింది. రాజు బిడ్డనీ అడిగింది, కూలివాడి బిడ్డనీ అడిగింది.

ఇక్కడ మీలో కొందరు అంటారు, ఈ దారాలూ లడ్డూలూ దీన్‌లో ఎక్కడున్నాయి భాయ్ అని. నిజమే. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ బిహిష్తీ జేవర్‌లో ఇలాంటి రసమ్‌లని గట్టిగా తప్పుపట్టాడు. బిస్మిల్లాకి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులే అన్న లెక్కకి షరీఅత్‌లో ఆధారం లేదన్నాడు. ఆ మాట మీద నాకు బహస్ లేదు. దారానికి ముడి వేయకపోతే గునాహ్ కాదు, వేస్తే సవాబూ కాదు. మరి దీన్ ఈ విషయంలో మనకి ఏమిచ్చింది?

చాలానే ఇచ్చింది. పిల్లలు బాలిగ్ అయ్యేదాకా వాళ్ల తప్పులు రాసే కలమే ఎత్తి ఉంచారని హదీసు. ఏడేళ్లకి నమాజు నేర్పమన్నారు, పదేళ్లకి గట్టిగా పట్టించుకోమన్నారు, పడకలు వేరు చేయమన్నారు. అంటే పెద్దరికం ఒక్క రోజులో నెత్తిన పడేది కాదు. మెట్టు మెట్టుగా ఎక్కేది. ప్రవక్త (స) కాలంలో మదీనాలో ఆషూరా రోజా పిల్లల చేత కూడా పెట్టించేవాళ్లు. ఆకలికి ఏడిస్తే ఉన్నితో బొమ్మలు చేసి ఇఫ్తార్ దాకా ఆడించేవాళ్లమని రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పింది. రోజా ఒక చేత్తో, బొమ్మ ఇంకో చేత్తో! ఆ అమ్మలకి కూడా నా లాగే రెండు మనసులు ఉండి ఉంటాయి.

అనస్ (రజి) పదేళ్ల పిల్లాడిగా ప్రవక్త (స) ఇంట్లో ఖిద్మత్‌కి చేరాడు. పదేళ్లు ఉన్నాడు. ఒక్కసారి కూడా తనని ఛీ అనలేదని, ఇది ఎందుకు చేశావని నిలదీయలేదని ఆయనే చెప్పాడు. ఆ అనస్ తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టని పెంచుకునేవాడు. అది చచ్చిపోతే దిగులుగా కూర్చున్నాడు. ప్రవక్త (స) వాడి దగ్గరికెళ్లి, పిట్ట పేరు వాడి పేరుతో కలిసేలా ముద్దుగా పలకరించి నవ్వించబోయారు. చావు గురించి పాఠం చెప్పలేదు. పిట్టే కదా అని కొట్టిపారేయలేదు. లోకంలో మొదటి దెబ్బ తిన్న పిల్లాడి పక్కన కూర్చున్నారు.

ఇమామ్ గజాలీ బిడ్డ తల్లిదండ్రుల దగ్గర ఉన్న అమానత్ అన్నాడు. మక్తబ్ అయ్యాక పిల్లల్ని ఆడుకోనివ్వాలి, ఆట ఆపితే వాళ్ల దిల్ చచ్చిపోతుందని తొమ్మిది వందల ఏళ్ల కిందటే రాశాడు.

ఇవన్నీ తెలిసినా మా చిన్నోడి విషయంలో నా చిక్కు తీరలేదు. ఎందుకంటే వాడు నేర్చుకున్నది నమాజూ కాదు, రోజా కాదు. దాచుకోవడం. అబ్బా అనే మాటని జేబులో దాచుకోవడం.

ఆ రోజుల్లోనే ఫజర్ తర్వాత సూరె యూసుఫ్ చదువుతూ మొదట్లోనే ఆగిపోయాను. ఎన్నిసార్లు చదివానో, ఎప్పుడూ ఇలా తట్టలేదు. చిన్నారి యూసుఫ్ (అలై) తనకొచ్చిన కలని అబ్బాకి చెబుతాడు. అది ఎంత మంచి కలో తెలిసిన యాఖూబ్ (అలై) మొట్టమొదట అనేది, దీన్ని నీ అన్నలకి చెప్పకు బేటా అని. అల్లాహ్ ఎన్నుకున్న ఒక పైగంబర్, కాబోయే పైగంబర్‌కి నేర్పిన తొలి పాఠం జాగ్రత్త. అదీ పరాయివాళ్ల దగ్గర కాదు, సొంత అన్నల దగ్గర. ఆ మాట చెప్పేటప్పుడు ఆ తండ్రికి ఎలా ఉండి ఉంటుంది? బిడ్డ కళ్లలోని వెలుగు కొంచెం తగ్గడం చూసి ఉంటాడు. అయినా చెప్పాడు. అయితే అక్కడితో ఆపలేదు. నీ రబ్ నిన్ను ఎన్నుకుంటాడు, నీ మీద తన నేమత్ పూర్తి చేస్తాడు అని కూడా ఆ వెంటనే చెప్పాడు. నోరు జాగ్రత్త అన్న తండ్రే నీ కల నిజం అని కూడా అన్నాడు.

తర్వాత అన్నలు ఆటకి తీసుకెళ్తామని అడిగితే, తోడేలు తింటుందేమోనన్న భయం మనసులో పెట్టుకునే పంపించాడు. ఇంట్లో కట్టిపడేయలేదు.

నేను సగం పాఠమే ఇస్తున్నానని అప్పుడు అర్థమైంది. అసలు నేనది ఇవ్వనూ లేదు, లోకం ఇచ్చింది. మిగతా సగం నా ఫర్జ్.

ఆ సాయంత్రం పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టాను. చిన్నోడికి చెప్పాను, బేటా, గేటు దగ్గర నన్ను ఏమని పిలవాలో నీ ఇష్టం, నాకు కోపం లేదు. కానీ అబ్బా అనేది తప్పు మాట కాదు. రాయలసీమలో హిందువుల పిల్లలు కూడా తాతని అబ్బ అనే పిలుస్తారు. ఎవరైనా ఊరికే డబ్బు అడిగితే "మీ అబ్బ సొమ్మా?" అని ఊరంతా అంటుంది కదా, ఆ అబ్బ ఎవరనుకున్నావు? నాన్నే! వాడు పకపకా నవ్వాడు. ఆ సామెత నాలుగుసార్లు అనిపించుకున్నాడు.

మా పెద్దమ్మాయి నవ్వలేదు. దానికి పదమూడేళ్లు. నేల చూస్తూ అంది: "నేను మూడో క్లాసులోనే మానేశా అబ్బా. గేటు దగ్గర నిన్ను ఏమీ పిలవకుండా వచ్చేదాన్ని. నువ్వు గమనించలేదు."

"చెప్పలేదేంటి బేటీ?"

"నువ్వు బాధపడతావని."

నాకు మాట రాలేదు. ఎనిమిదేళ్ల పిల్ల ఐదేళ్ల పాటు నన్ను కాచింది. నేను దాని మాసూమియత్‌ని కాపాడుతున్నాననుకుంటే, అది నా మాసూమియత్‌ని కాపాడుతోంది. జాఫర్ షరీఫ్ కాలంలో పన్నొస్తే గుగ్గిళ్లు పంచారు. ఇంత పెద్ద సంగతి జరిగితే మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అది నన్నింకా సలుపుతూనే ఉంది.

పిల్లలు పెరగడం మనం ఆపలేం. ఆపకూడదు కూడా. పెరగకపోవడం అంటే ఏమిటో మూడు ముడుల దారానికి తెలుసు. వాళ్ల మాసూమియత్ పోవడాన్ని కూడా మనం పూర్తిగా ఆపలేం. మన చేతిలో ఉన్నది, ఆ మెట్టు దగ్గర వాళ్లు ఒంటరిగా నిలబడకుండా చూసుకోవడం. ఏ రోజు ఏం తెలుసుకుని ఇంటికొచ్చారో అడగడం. చెబితే అబ్బా, అమ్మీ కుంగిపోరన్న ధైర్యం వాళ్లకివ్వడం. బుజుర్గులు లడ్డూలతో చేసిన పని అదే అనుకుంటాను. మనం లడ్డూ లేకుండా చేసినా ఫరవాలేదు, చేయడం ముఖ్యం.

మర్నాడు గేటు దగ్గర చిన్నోడు నాన్నా అనలేదు, అబ్బా అనలేదు. దూరం నుంచి చెయ్యి ఊపాడు. దగ్గరికొచ్చాక నా వేలు పట్టుకుని, నాకు మాత్రమే వినబడేలా "మీ అబ్బ సొమ్మా" అని కిసుక్కుమన్నాడు. ప్రస్తుతానికి ఇది చాలు.

వచ్చే నెల మా అమ్మాయి సాల్‌గిరా. దాదీ డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. పిల్లల దారాలు నేను ఎప్పుడూ మొదలుపెట్టలేదు. ఈసారి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పద్నాలుగు ముడులూ ఒకేసారి వేయాలనుకుంటున్నాను, సవాబ్ కోసం కాదు, ఒక్కో ముడి దగ్గర ఆ ఏడు ఏం జరిగిందో దాన్నే అడిగి తెలుసుకోవడం కోసం.

మన పిల్లలకి అల్లాహ్ లాంబీ ఉమర్ ఇవ్వాలి. తెలివిని ఇవ్వాలి, తెలివితో పాటు నర్మ్ దిల్‌ని మిగల్చాలి. వాళ్లు దాచిపెట్టుకున్న మాటలు వినే చెవులు మనకివ్వాలి. ఆమీన్.

ఖుదా హాఫిజ్.